ఆపదవేళ వ్యక్తి బాధ్యత, ప్రజాసహాయం

వరద తీసి, తుపాను తీరం దాటి, శిథిలాల కింది నుంచి చివరి దేహాన్ని వెలికితీసిన తరువాత దాదాపు ప్రతి దేశంలోను ఒక వాదం మొదలవుతుంది. నష్టపోయినవారిని ఆదుకొనే బాధ్యత ఎవరిది? వారిదేనా, సమాజానిదా?

ఈ విషయంలో రెండు పక్షాలున్నాయి. ఏటిగట్టును ఆనుకొని ఇల్లు కట్టుకొన్నవాడు, హెచ్చరిక విని కూడా కదలనివాడు, మంచిరోజుల్లో నాలుగు గింజలు దాచుకొననివాడు తన నష్టానికి తానే బాధ్యుడని మొదటి పక్షం అంటుంది. అటువంటివానికి ప్రజాధనం నుంచి పరిహారం ఇస్తే జాగ్రత్తపరుని కష్టార్జితాన్ని అజాగ్రత్తపరునికి పంచిపెట్టినట్లవుతుందనీ, సహాయానికి అలవాటుపడిన జనం స్వయంకృషిని మరచిపోతారనీ దాని అభిప్రాయం. ప్రకృతి వైపరీత్యం ఎవరూ కోరి తెచ్చుకొనేది కాదనీ, పన్నులు వసూలుచేసే ప్రభుత్వం ఆపదలో ముఖం చాటుచేయడం అధర్మమనీ రెండవ పక్షం అంటుంది.

రెండింటిలోను కొంత సత్యం ఉన్నది. అందుచేతనే ఈ వాదం తెగదు. అయితే ఇది కేవలం తర్కంతో తేలవలసిన విషయం కాదు. భారత ఉపఖండంలో ఈ ప్రశ్నకు ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క సమాధానం లభించింది. ఆ సమాధానాల ఫలితంగా లక్షలాది ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి, నిలిచిన సందర్భాలూ ఉన్నాయి. వాటిని పరిశీలిస్తే బాధ్యతకు, సహాయానికి మధ్య ఉన్న అసలు సంబంధం బోధపడుతుంది.

తెప్ప ఉన్నవారు, లేనివారు

కౌటిల్యుని అర్థశాస్త్రం నాలుగవ అధికరణంలో దైవికంగా వచ్చే ఎనిమిది మహాభయాల ప్రస్తావన ఉన్నది. అగ్ని, వరద, వ్యాధి, దుర్భిక్షం మొదలైనవి అందులో చేరినవే. వరద గురించి ఆ గ్రంథం చెప్పిన నియమాలు నేటికీ ఆలోచింపదగినవి. వర్షాకాలపు రాత్రులలో నదీతీర గ్రామాలవారు వరద అందని చోటికి తరలి నివసించాలి. కొయ్యలు, వెదుళ్లు, పడవలు సిద్ధంగా ఉంచుకోవాలి. అంటే ముందుజాగ్రత్త ప్రజల విధి. ప్రవాహంలో కొట్టుకొనిపోతున్నవానిని సొరబుర్రలతోనో, తోలుతిత్తులతోనో, తెప్పలతోనో ఒడ్డుకు చేర్చాలి. అట్లు ఆదుకొనడానికి ముందుకు రానివారికి పన్నెండు పణాల జరిమానా.

ఈ నియమానికి కౌటిల్యుడు ఒక మినహాయింపు చేర్చాడు. తెప్ప లేనివారికి ఈ దండన వర్తించదు.

మాట చిన్నదే గాని ఇందులో పెద్ద న్యాయసూత్రం ఇమిడి ఉన్నది. సాధనం ఉండి కూడా చేయనివాడు దోషి. సాధనమే లేనివానిని చేయలేదని నిందించడానికి వీలులేదు. దుర్భిక్షం వచ్చినప్పుడు రాజు విత్తనాలు, ఆహారం సమకూర్చి ప్రజలను అనుగ్రహించాలనీ, లేదా కోటలు, సేతువుల వంటి నిర్మాణపు పనులు కల్పించి అన్నం పెట్టాలనీ కూడా అదే ప్రకరణం చెబుతున్నది. వ్యక్తి బాధ్యత, రాజధర్మం అక్కడ ఒకదానికొకటి విరోధులు కావు.

అర్ధసేరు గింజల సిద్ధాంతం

ఈ రెండింటినీ విరోధులుగా భావించినప్పుడు ఏమి జరుగుతుందో 1876 నుంచి 1878 వరకు దక్షిణ భారతాన్ని పీడించిన మహాక్షామం చూపించింది. అది ధాత నామ సంవత్సరంలో మొదలయింది గనుక తెలుగు సీమలో దానికి ధాత కరువు అనే పేరు నిలిచింది. బళ్లారి, కర్నూలు, కడప మండలాలు ఘోరంగా దెబ్బతిన్నాయి.

అంతకు పూర్వం 1873-74లో బీహారులో వానలు లేక కరువు రాగా ప్రభుత్వం బర్మా నుంచి బియ్యం తెప్పించి ధారాళంగా పంపిణీ చేసింది. మరణాలు అతి స్వల్పంగా జరిగాయి. ఆ ఏర్పాట్లలో ప్రధానపాత్ర వహించిన అధికారి సర్ రిచర్డ్ టెంపుల్. అయితే ప్రాణాలు నిలిపినందుకు ఆయనకు దక్కినది ప్రశంస కాదు, దుబారా చేశాడన్న నింద.

1877 ఆరంభంలో అదే టెంపుల్‌ను మద్రాసు రాజధానికి క్షామ ప్రతినిధిగా పంపారు. ఈసారి పొదుపే పరమావధి. కరువు పనుల్లో శ్రమించే మగమనిషికి ఇచ్చే కూలిని ఆయన రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా పైకానికి తగ్గించాడు. పౌను అంటే అరకిలోకు కూడా తక్కువ. ఎక్కువ ఇస్తే జనం పనిదొంగలవుతారన్న భావన ఆ పొదుపుకు అండగా నిలిచింది. రోజంతా రాళ్లు కొట్టేవాని దేహానికి ఆ గింజలు చాలవని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టర్ కోర్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలల తరువాత ఆ కూలిని పెంచక తప్పలేదు. అప్పటికే శిబిరాల్లో ఎందరో నశించారు. మొత్తం మీద ఆ క్షామానికి 50 లక్షల మందికి పైగా బలి అయ్యారని చరిత్రకారుల అంచనా.

ఆ విషాదం నుంచే కొంత వివేకం పుట్టింది. 1880లో క్షామ సంఘం తన నివేదికను సమర్పించింది. దాని ఆధారంగా 1883లో క్షామ నియమావళి ముసాయిదా తయారయింది. ఒంట్లో సత్తువ ఉన్నవారికి పని కల్పించడం, వృద్ధులకు, రోగులకు, పిల్లలకు ఉచితంగా ఆహారం ఇవ్వడం, శిస్తు వసూలు ఆపడం, రైతులకు తకావీ అప్పులు ఇవ్వడం ఆ పద్ధతిలోని ముఖ్యాంశాలు. ధరలు పెరగడం, జనం ఊళ్లు విడిచి తిరగడం వంటి సూచనలు కనిపించగానే అధికారులు మేలుకోవాలని కూడా అది విధించింది. కాగితం మీది నియమం ఎంత మంచిదైనా ఆచరణలో పెట్టకపోతే నిష్ఫలమని 1943 నాటి బెంగాలు క్షామం నిరూపించింది. అప్పుడు క్షామాన్ని నియమావళి ప్రకారం ప్రకటించనే లేదు. దాదాపు 30 లక్షల మంది మరణించారు.

స్వాతంత్ర్యానంతరం ఈ సూత్రానికి ఉదాత్తమైన రూపం మహారాష్ట్రలో లభించింది. 1970 నుంచి 1973 వరకు సాగిన అనావృష్టి కాలంలో, 1973 వేసవిలో సుమారు 50 లక్షల మంది సహాయక పనుల్లో పాల్గొన్నారు. పంటలు నాశనమైనా పెద్దఎత్తున ఆకలి మరణాలు సంభవించలేదు. ఆ అనుభవం నుంచే ఉపాధి హామీ పథకం రూపొంది, 1977లో శాసనమై, 1979లో అమలులోకి వచ్చింది. పని అడగడం పౌరుని వంతు, పని చూపించడం ప్రభుత్వం వంతు. సహాయం పొందినవాడు సోమరి అయిపోలేదు. బావులు తవ్వాడు, రోడ్లు వేశాడు, చెరువుగట్లు పోశాడు.

హెచ్చరిక వినడం ఎవరికి సాధ్యం?

క్షామం మెల్లగా వస్తుంది. తుపానుకు అంత ఓపిక లేదు. హెచ్చరిక విని కదలడమే ఇక్కడ వ్యక్తి బాధ్యత. అయితే కదలడానికి మూడు వసతులు కావాలి. వార్త సకాలంలో చేరాలి, ఆ వార్తను నమ్మడానికి ఆధారం ఉండాలి, వెళ్లడానికి ఒక చోటు ఉండాలి.

1977 నవంబరు 19న కృష్ణాజిల్లా దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో సుమారు పదివేల మంది ప్రాణాలు కోల్పోయారు. తుపాను హెచ్చరికలు వెలువడకపోలేదు. కాని తాటాకు ఇళ్లలో నివసించే కూలీలకు, బెస్తలకు రేడియో ఎక్కడిది? విన్నవారికైనా ఎక్కి తలదాచుకొనడానికి ఎత్తయిన పక్కా కట్టడాలు అరుదు. అటువంటివారిని ముందుజాగ్రత్త లేనివారని అనడం తెప్ప లేనివానికి జరిమానా వేయడమే అవుతుంది.

ఆ తరువాత తీరం వెంబడి తుపాను ఆశ్రయ భవనాలు లేచాయి. హెచ్చరిక వ్యవస్థ మెరుగుపడింది. 1990 మే నెలలో దాదాపు అదే తీరాన్ని మరొక ప్రచండమైన తుపాను తాకినప్పుడు లక్షలాది ప్రజలను ముందుగానే తరలించారు. మృతుల సంఖ్య వేయి లోపే ఉన్నది. ఆ పదమూడేళ్లలో ప్రజల స్వభావం మారిపోలేదు. మారినది వారికి అందిన వసతి.

ఒడిశా అనుభవం కూడా ఇదే. 1999 అక్టోబరు 29 నాటి మహాతుపానులో సుమారు పదివేల మంది మరణించారు. ఆ సంవత్సరమే రాష్ట్రం విపత్తుల నిర్వహణకు ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం వద్ద తీరం దాటేలోగా దాదాపు పది లక్షల మందిని సురక్షిత స్థలాలకు చేర్చారు. మృతులు కొన్ని పదుల మందికి మించలేదు.

పొరుగుదేశమైన బంగ్లాదేశ్ కథ మరింత బోధకం. ఆ ప్రాంతం తూర్పు పాకిస్తాన్‌గా ఉన్నప్పుడు 1970 నవంబరు 12 నాటి తుపానులో కనీసం మూడు లక్షల మంది నశించారు. 1972లో రెడ్‌క్రాస్ సహకారంతో తుపాను సన్నద్ధతా కార్యక్రమం మొదలయింది. దానికి ప్రాణం గ్రామ స్వచ్ఛంద సేవకులు. వారు జెండాలు ఎగురవేసి, చేతిమైకులతో ఇంటింటికీ తిరిగి హెచ్చరిస్తారు. అయినా 1991 ఏప్రిల్ 29న లక్షా ముప్పయివేల మందికి పైగా మరణించారు. వార్త విన్నా ఇల్లు విడవనివారు చాలామంది. కారణం మూర్ఖత్వం కాదు. కుటుంబానికి ఉన్న ఒక్క ఆవును విడిచి వెళ్లలేనివారు కొందరు, ఇంట్లోని నాలుగు వస్తువులు దొంగల పాలవుతాయని భయపడినవారు కొందరు. పరాయి మగవారితో కిక్కిరిసిన భవనంలో రాత్రి గడపడానికి సంకోచించిన స్త్రీలు కొందరు. ఈ సంగతి గ్రహించిన తరువాత ఆశ్రయాలు పెరిగాయి, స్త్రీలకు ప్రత్యేక గదులు వచ్చాయి, పశువుల కోసం ఎత్తయిన మట్టిదిబ్బలకు ప్రాధాన్యం లభించింది. 2007 నవంబరులో సిడర్ తుపాను వచ్చినప్పుడు మృతులు మూడువేల పైచిలుకు. ఆ సంఖ్యా దుఃఖకరమే. కాని 1970తో పోల్చినప్పుడు దాని అర్థం స్పష్టమవుతుంది.

హెచ్చరిక, దారి, ఆశ్రయం, పశువుకు చోటు ఇవన్నీ సమకూరిన తరువాత కూడా కదలని వ్యక్తిని ఇది నీ బాధ్యత అని గట్టిగా మందలించవచ్చును. అంతకు ముందు మందలించే అర్హత ఎవరికీ లేదు.

ఇల్లు కట్టియిచ్చుటా, కట్టుకొననిచ్చుటా

ప్రజాసహాయం అన్నివేళలా మేలే చేస్తుందని కూడా అనుకోరాదు. ఇచ్చే పద్ధతిని బట్టి అది మనిషిని నిలబెట్టవచ్చు, పక్కకు నెట్టివేయవచ్చు.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, గణేశ నిమజ్జనం ముగించుకొని జనం నిద్రలో ఉండగా, మహారాష్ట్రలోని లాతూరు, ఉస్మానాబాదు జిల్లాలలో భూమి కంపించింది. సుమారు ఎనిమిదివేల మంది మరణించారు. మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, వాటిపై ఎత్తుగా మట్టి పోసిన కప్పులు వారి పాలిట మృత్యువులయ్యాయి. అటువంటి ఇళ్లు ఎందుకు కట్టుకొన్నారని అడగడం తేలిక. కాని నాటి భూకంప పటం ఆ ప్రాంతాన్ని అతి తక్కువ ప్రమాదం గల మండలంగా చూపించింది. శాస్త్రజ్ఞులకే తెలియనిది రైతుకు తెలియాలనడం న్యాయం కాదు.

పునర్నిర్మాణంలో రెండు మార్గాలు అనుసరించారు. పూర్తిగా నేలమట్టమైన సుమారు 50 గ్రామాలను కొత్త స్థలాల్లో గుత్తేదారుల ద్వారాను, దాతృసంస్థల ద్వారాను కట్టించారు. గీత గీసినట్లున్న వీధులు, ఒకే అచ్చులో పోసినట్లున్న ఇళ్లు వెలిశాయి. పశువుల కొట్టానికీ, ఇరుగుపొరుగుతో కూర్చొనే అరుగుకూ వాటిలో చోటు తక్కువ. కొందరికి పొలం దూరమయింది. దెబ్బతిన్న ఇళ్లున్న ఇతర గ్రామాలలో మాత్రం ఇంటి యజమానికే ధనం, సామగ్రి, ఇంజనీరు సలహా అందజేసి, అతని చేతనే ఇంటిని పటిష్ఠం చేయించారు. తన ఇల్లు ఎందుకు కూలిందో, ఎట్లా కడితే కూలదో అక్కడి గృహస్థు స్వయంగా నేర్చుకొన్నాడు.

2001 జనవరి 26న కచ్ఛ్ భూకంపం పదమూడువేల మందికి పైగా బలిగొన్నప్పుడు గుజరాత్ ప్రభుత్వం ఈ రెండవ మార్గాన్నే ప్రధానంగా ఎంచుకొన్నది. పూర్తిగా కూలిపోయిన ఇళ్లే రెండు లక్షలకు పైగా ఉండగా వాటిలో అధికభాగాన్ని యజమానులే తిరిగి కట్టుకొన్నారు. సహాయధనం బ్యాంకు ఖాతాలో వాయిదాలుగా పడేది. పునాది, గోడలు భూకంపాన్ని తట్టుకొనే విధంగా ఉన్నాయని ఇంజనీరు ధ్రువపరచిన తరువాతనే తరువాతి వాయిదా విడుదలయ్యేది. వేలాది తాపీమేస్త్రీలకు కొత్త పద్ధతులలో శిక్షణ ఇచ్చారు.

ఈ విధానంలోని విశేషం గమనార్హం. సహాయం ఉదారమే, కాని షరతు లేనిది కాదు. షరతు ఉన్నది, కాని అది అవమానించేది కాదు. గట్టిగా కట్టుకోవడం నీ బాధ్యత, అందుకు కావలసిన ధనం, విద్య సమకూర్చడం సమాజం బాధ్యత అని ఆ వాయిదాల పద్ధతి చెప్పకనే చెప్పింది.

తెలిసి చేసిన తప్పులు

మొదటి పక్షం వాదనలో కొట్టివేయరాని అంశం ఒకటి ఉన్నది. ప్రమాదం తెలిసి, ఇతర మార్గం ఉండి కూడా ముప్పును కొనితెచ్చుకొనేవారు లేకపోలేదు. చెరువు శిఖం భూములను పూడ్చి మేడలు కట్టేవారు, వరద కాలువలను మూసి స్థలాలుగా అమ్మేవారు ఈ కోవలోనివారు. నదుల వరద మైదానాలలో నిర్మాణాలను నియంత్రించడానికి కేంద్రం 1975లోనే నమూనా బిల్లును రాష్ట్రాలకు పంపింది. దానిని శాసనం చేసినవి మణిపూర్, రాజస్థాన్ వంటి కొద్ది రాష్ట్రాలు మాత్రమే. ఇక్కడ బాధ్యత నిర్మాత మీద ఎంత ఉన్నదో, అనుమతి ఇచ్చిన పాలకుల మీద అంతే ఉన్నది. స్థలం కొని మోసపోయిన చిరుద్యోగి దోషం వారి దోషంతో సమానం కాదు.

ఒకే గట్టు మీద ఇద్దరు కనిపించవచ్చు. నదీదృశ్యం కోసం విలాసగృహం కట్టినవాడు ఒకడు. మరెక్కడా గజం భూమి దొరకక గుడిసె వేసుకొన్నవాడు మరొకడు. వరద ఇద్దరినీ ఒకే విధంగా చూస్తుంది. న్యాయం అట్లా చూడరాదు.

బీమా విషయం కూడా ఇటువంటిదే. 1985లో సమగ్ర పంటల బీమా మొదలయినది మొదలు, 2016లో వచ్చిన ప్రధానమంత్రి పథకం దాకా, రైతు కొంత, ప్రభుత్వం కొంత భరించే పద్ధతి నడిచింది. ఇది బాధ్యతను, సహాయాన్ని జోడించే మంచి మార్గం. అయితే కాగితం మీద భూమి ఒకరిది, చేలో చెమట మరొకరిది అయినప్పుడు చిక్కు వస్తుంది. కౌలుకు తీసుకొని, అప్పు చేసి పంట పెట్టిన రైతు పేరు దస్తావేజులో ఉండదు. తుపానులో పంట పోయినది అతనికి, పరిహారం చేరేది మరొకరికి. ఈ అన్యాయాన్ని సవరించడానికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2019లోను సాగుదారులకు గుర్తింపు పత్రాలు ఇచ్చే చట్టాలు వచ్చాయి. పత్రమే లేనివానిని బీమా ఎందుకు చేయించుకొనలేదని అడగడం వ్యర్థం.

దయ నుంచి ధర్మానికి

ఒకప్పుడు కరువు సహాయం పాలకుల దయగా ఉండేది. క్రమంగా అది వ్యవస్థ రూపం ధరించింది. 1990లో తొమ్మిదవ ఆర్థిక సంఘం సిఫారసు మేరకు రాష్ట్రాలలో విపత్సహాయ నిధులు ఏర్పడ్డాయి. వాటిలో కేంద్రం వంతు నూటికి 75, రాష్ట్రం వంతు 25. ఎక్కడో రాజస్థాన్ ఎడారిలోని వర్తకుడు కట్టిన పన్ను అసోం వరద బాధితునికి, అక్కడి తేయాకు కూలీ కట్టిన పన్ను ఆంధ్ర తీరంలోని బెస్తవానికి అందే మార్గం ఇది. జాతీయ సమైక్యత అనే మాటకు ఇంతకంటె స్పష్టమైన అర్థం దొరకడం కష్టం. 2005లో చేసిన విపత్తుల నిర్వహణ చట్టం బాధితులకు ఆశ్రయం, ఆహారం, తాగునీరు, వైద్యం విషయంలో కనీస ప్రమాణాలు ఉండాలన్న భావాన్ని ప్రవేశపెట్టింది. 2021 నుంచి 2026 వరకు వర్తించేటట్లు పదిహేనవ ఆర్థిక సంఘం చేసిన ఏర్పాటులో రాష్ట్రాల విపత్తు నిధులలో అయిదవ వంతు ముప్పు తగ్గించే పనులకే కేటాయించారు. కన్నీరు తుడవడం కంటె కన్నీరు రాకుండా చూడడం చవక అన్న సంగతి ఇన్నాళ్లకు లెక్కలలోకి ఎక్కింది.

ఎంతటి జాగ్రత్తపరుడైనా ఒంటరిగా నదికి ఆనకట్ట కట్టలేడు, సముద్రానికి గట్టు పోయలేడు, ఆకాశంలోకి ఉపగ్రహాన్ని పంపలేడు. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదులో వేలాది మందిని బలిగొన్న తరువాత నగరానికి రక్షణ కల్పించినవి ఇంటింటివారి జాగ్రత్తలు కావు. విశ్వేశ్వరయ్య సలహాపై ఎగువన వెలసిన జలాశయాలు. అయితే ఆశ్రయ భవనం ఎంత గట్టిదైనా ముసలి తల్లిని భుజాన వేసుకొని అక్కడికి చేర్చవలసినది కొడుకే. పక్కింటి ఒంటరి స్త్రీ తలుపు తట్టవలసినది పొరుగువాడే. ఈ పని ఏ ప్రభుత్వమూ చేయలేదు.

కనుక వ్యక్తి బాధ్యతా, ప్రజాసహాయమా అని అడగడం సరికాదు. అడగవలసినది వేరు. ఇతనికి ప్రమాదం తెలిసే అవకాశం ఉన్నదా? తెలిసిన తరువాత తప్పించుకొనే సాధనం ఉన్నదా? ఉన్నదన్నచోట బాధ్యత అతనిది. లేదన్నచోట ఆ సాధనం సమకూర్చడం సమాజ ధర్మం. తెప్ప లేనివానిని దండించరాదని కౌటిల్యుడు ఊరుకొన్నాడు. ప్రతి పౌరునికీ ఒక తెప్ప అందేటట్లు చూడడం నేటి ప్రజాస్వామ్యం తలకెత్తుకొన్న అదనపు భారం. తెప్ప అందినవాడు తాను ఒడ్డెక్కి ఊరుకొనక, కొట్టుకొనిపోతున్న తోటివానికి చేయి అందించినప్పుడే ఆ భారం ఫలిస్తుంది.